మిద్దె మీద మూడు సెల్లులు

ఎవరైనా నా దగ్గర దయ్యాల సంగతి ఎత్తితే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "అప్పుడు కరెంటు ఉందా, లేదా?" సగం కథలు అక్కడే ఆగిపోయేవి. "మీరు కళ్లారా చూశారా, ఎవరో చెబితే విన్నారా?" అని అడిగితే మిగతా సగమూ ఆగిపోయేవి. హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. గాలి సోకింది, చేతబడి చేశారు అంటే నాకు నవ్వొచ్చేది. నన్ను ఉడికించడానికే మా స్టాఫ్ రూములో కొందరు అలాంటివి పోగుచేసుకుని వచ్చేవారు.

కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది విని మీరు నవ్వితే నేనేమీ అనుకోను. ఇంకొకరు చెబితే నేనైనా నవ్వేవాణ్ణే. జరిగింది పట్టపగలు, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఆదోనిలో నేను అద్దెకున్న ఇంట్లో. ఆ ఇంట్లో ఉన్న ప్రతి తీగా నేను లాగిందే, ప్రతి అతుకూ నేను వేసిందే. అందుకే నాకు అది ఇన్నేళ్లయినా మింగుడు పడలేదు.

డెబ్బైల చివర్లో సంగతి. నాకప్పటికి పెళ్లి కాలేదు. స్కూలుకు పోవడం, ఇంటికి రావడం, ఏదో ఒకటి విప్పడం, ఇదే నా దినచర్య. రేడియో గానీ, టేపు రికార్డరు గానీ, గోడ గడియారం గానీ, లోపల ఏముందో చూడకపోతే నాకు అన్నం సహించేది కాదు. పాడైనవాటిని బాగుచేసేవాణ్ణి. బాగున్నవాటిని పాడుచేసిన రోజులూ ఉన్నాయి. ఇరుగుపొరుగు వాళ్లు రేడియో తెచ్చి ఇస్తూ, "సార్, పూరా ఇప్పొద్దు. ఆ గరగర ఒకటి సూడు సాలు" అని బతిమాలి పోయేవారు.

మా వీధిలో నా పేరు నిలబెట్టింది మాత్రం కొళాయి గంట. ఆదోనిలో అప్పుడు నీళ్లు ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు. కొళాయి కింద ఒక డబ్బా పెట్టి, అందులో రెండు రాగితీగలు వదిలి, నీళ్లు పడగానే గంట మోగేట్టు చేశాను. నా గంట మోగిందంటే వీధి వీధంతా బిందెలతో బయటికొచ్చేది. ఒక్కోసారి డబ్బాలో బల్లి పడి మోగేది. ఆ రోజుల్లో నేను కాసేపు తలుపు తీసేవాణ్ణి కాదు.

నా సామానంతా మస్తాన్ సాబ్ గుజిరీలోంచి వచ్చేది. గుజిరీ అంటే పాత ఇనుము కొట్టు. సాబ్ బెంగుళూరు నుంచి లారీల్లో తుక్కు తెప్పించేవాడు. ఒకసారి గోనెసంచి నిండా పచ్చటి అట్టల్లాంటివి వచ్చాయి. వాటి మీద వరసలు వరసలుగా చిన్న చిన్న ట్రాన్సిస్టర్లు. ఏదో ఆఫీసులో బీరువాలంత యంత్రాలను పడేస్తే అందులోంచి పీకినవట. సాబ్ వాటిని తక్కెట్లో వేస్తూ, "క్యా సార్, ఈ కచరా తీస్కపోయి ఏం చేస్తారు? ఇది కంప్యూటర్ అంట. లెక్కలు చేసేదంట. మీరు చేస్తారు కదా లెక్కలు, మళ్ల ఇదెందుకు?" అన్నాడు.

అలా నేను మొట్టమొదట కంప్యూటరును చూసింది తక్కెట్లో. రెండు కిలోల కంప్యూటరు సైకిలు క్యారేజీకి కట్టుకుని ఇంటికి తెచ్చాను. వేడి కడ్డీతో ఒక్కొక్క ట్రాన్సిస్టరునీ ఊడదీసి, బతికున్నదేదో చచ్చిందేదో చూసి, అగ్గిపెట్టెల్లో దాచుకునేవాణ్ణి. నాకు అప్పట్లో అంతకు మించిన సంతోషం లేదు.

ఇక మా సరోజ సంగతి చెప్పాలి.

సరోజ నా చెల్లెలు. నాకన్నా ఆరేళ్లు చిన్న. ఏడేళ్ల వయసులో విషజ్వరం వచ్చి బతికి బయటపడింది గానీ, రెండు చెవులూ పోయాయి. అప్పటికే మాటలు వచ్చి ఉండటంతో మాట పోలేదు. కాస్త గట్టిగా, ఒకే తీరుగా మాట్లాడుతుంది. మనం ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అంతా పట్టేస్తుంది. వెనక నుంచి పిలిస్తే మాత్రం తెలియదు. మా అమ్మ దాన్ని పిలవాలంటే నేల మీద కాలితో కొట్టేది. ఆ అదురు పాదాలకు తగిలి తిరిగి చూసేది.

నాన్న మా చిన్నప్పుడే పోయాడు. సరోజ పెళ్లయిన మరుసటేడు అమ్మ కూడా పోయింది. సరోజను గోనెగండ్లలో ఇచ్చాం. మా బావ మంచివాడు, వర్షాధారం చేను ఉంది. అన్నీ తెలిసే చేసుకున్నారు. తొలికాన్పుకు పుట్టింటికి పంపాలంటే అమ్మ లేదు, ఉన్నది నేనొక్కణ్ణే. అందుకని నా దగ్గరికే తీసుకొచ్చాను. చిప్పగిరి నుంచి మా చిన్నమ్మ వచ్చి రెండు నెలలు అన్నీ చూసుకుంది. ఆడపిల్ల పుట్టింది. భాగ్యలక్ష్మి అని పేరు పెట్టాలనుకున్నారు.

ఆ పేరు పెట్టిన రోజే చిక్కు వచ్చిపడింది. సరోజ అత్తగారు నాగమ్మ గోనెగండ్ల నుంచి వచ్చింది. వచ్చినవాళ్లంతా భోజనాలు చేస్తున్నారు. సరోజ పెరట్లో గిన్నెలు తోముతోంది. లోపల ఉయ్యాల్లో బిడ్డ ఏడుపందుకుంది. అందరమూ ఎవరో ఒకరు పోతారులే అనుకున్నాం. నాగమ్మత్త విస్తరి ముందు కూర్చుని కదలకుండా చూస్తూ ఉంది. బిడ్డ గుక్కపట్టి నీలమయ్యేదాకా సరోజ తల ఎత్తలేదు. దానికి తెలిస్తే కదా.

ఆ సాయంత్రం అత్త నన్ను అరుగు మీదికి పిలిచింది. కోపంగా కాదు, మెల్లగానే చెప్పింది.

"నాయనా, నీ సెల్లెల్ని నేను ఒక మాట అనను. బంగారం అసుమంటి పిల్ల. అయితే ఆ బిడ్డ ఏడిస్తే ఎవురికి తెలియల్ల? ఊరికి వచ్చినాక నా పెద్ద కోడలు కాడ పెట్టుకుంటాం. దానికి పిల్లల్లేరు. పాలిచ్చేకి మాత్రం సరోజ కాడికి తెస్తాం. నేను ఒక బిడ్డను పోగొట్టుకున్నదాన్నప్పా. నిద్రపోతావుందనుకున్నా. నాకు అదే గుర్తుకొస్తాది."

ఆమె చెడ్డది కాదు. అదే నాకు కష్టమైంది. చెడ్డదైతే పోట్లాడేవాణ్ణి.

సరోజ గడపలో నిలబడి అత్త పెదాలు చూస్తూ ఉందని నాకు తర్వాత తెలిసింది. రాత్రి ఏమీ తినలేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని, దాని గొంతు మీద వేలు ఆనించి కూర్చుంది. ఏడిస్తే గొంతు అదురుతుంది కదా, అలా తెలుసుకుందామని. తెల్లారేదాకా అలాగే కూర్చుని ఉంది. నేను చూసి లోపలికి పోయి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

మర్నాడు అత్తను అడిగాను. "బిడ్డకు ఐదో నెలలో నువ్వొచ్చి ఎనిమిది రోజులు మా ఇంట్లో ఉండత్తా. బిడ్డ ఏడిస్తే సరోజకు తెలిసేట్టు నేనొకటి చేస్తా. నువ్వు కళ్లారా చూడు. నమ్మకం కుదరకపోతే నీ ఇష్టం" అన్నాను. ఆమె సరేనంది.

అలా పుట్టింది ఆ పెట్టె. చిన్న స్పీకరు ఒకటి ఉయ్యాల కొక్కేనికి వేలాడదీశాను. స్పీకరును తిరగేసి వాడితే మైకులా వింటుంది. దాని తీగ గోడకున్న చెక్కపెట్టెలోకి పోతుంది. అందులో కంప్యూటరు అట్టల్లోంచి తీసిన నాలుగు ట్రాన్సిస్టర్లు, మూడు టార్చి సెల్లులు. బిడ్డ గొంతు ఎత్తితే వంటింటి గడప దగ్గర ఒకటి, పెరటి వసారా స్తంభానికి ఒకటి, రెండు చిన్న బల్బులు వెలుగుతాయి. ఏడుపు ఆగితే ఆరిపోతాయి. బల్బులకు ముందు సైకిలు వెనకుండే ఎర్ర అద్దాలు పెట్టాను. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయే ఊరు కాబట్టి సెల్లుల మీదే నడిచేట్టు చేశాను.

మొదటిసారి అది వెలిగినప్పుడు సరోజ వంటింట్లో ఉంది. గరిటె పట్టుకునే పరుగెత్తింది. బిడ్డను ఎత్తుకుని, ఏడుస్తున్న దాని మొహం చూసి, "ఏడుస్తాంది అన్నా, నిజంగానే ఏడుస్తాంది" అని నవ్వింది. బిడ్డ ఏడిస్తే అంత సంబరపడిన తల్లిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఒక్కటే చిక్కు. సెల్లులు త్వరగా దిగిపోయేవి. ఆ రోజుల్లో సెల్లు దిగిపోతే పారేసేవాళ్లు ఎవరూ లేరు. ఎండలో పెడితే కాస్త ప్రాణం వచ్చి ఇంకో నాలుగు రోజులు పనిచేస్తాయి. ఏ ఇంటి గోడ మీద చూసినా సెల్లులు ఎండుతూ ఉండేవి. నేనూ అంతే. పొద్దున సరోజ బిడ్డకు నీళ్లుపోసే గంటసేపు, పెట్టెతో పని ఉండదు కాబట్టి, మూడు సెల్లులూ తీసి మిద్దె మీద ఎండబెట్టి, స్కూలుకు పోయేముందు మళ్లీ వేసేవాణ్ణి.

ఐదో నెలలో నాగమ్మత్త వచ్చింది. ఎనిమిది రోజులూ పరీక్షే. బిడ్డ ఏడిస్తే ఆమె అరుగు మీంచి కదిలేది కాదు. పెదాలు కదుపుతూ లోపల్లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టుకునేది. సరోజకు ఏదో ఒక పని చెబుతూనే ఉండేది, పని చేసుకుంటూ బిడ్డను కనిపెట్టుకోగలదా లేదా చూడాలని. ఐదు రోజులు గడిచాయి. సరోజ ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. ఆరో రోజుకు అత్త లెక్కపెట్టడం కొంచెం తగ్గించింది.

ఆ ఆరో రోజే నేను చేయకూడని పని చేశాను.

పొద్దున సెల్లులు తీసి మిద్దె మీద పెట్టి దిగాను. ఇంతలో స్కూలు అటెండరు సైకిలు మీద వచ్చాడు. పరీక్ష పేపర్లు తేవడానికి ఎమ్మిగనూరు పోవాలని, తొమ్మిదింటి బస్సుకే పొమ్మని హెడ్మాస్టరు చెప్పారట. నేను చొక్కా వేసుకుని పరుగెత్తాను. సెల్లుల మాట గుర్తే లేదు.

ఎమ్మిగనూరులో పేపర్ల పని అయ్యేసరికి పన్నెండు దాటింది. బస్టాండుకు నడిచి వస్తుంటే, ఒక నేతగాడి ఇంటి ముందు గోడ మీద రెండు సెల్లులు ఎండుతూ కనిపించాయి. దాటి నాలుగడుగులు వేశాను. అప్పుడు గుర్తొచ్చింది.

వీధిలో మగ్గం చప్పుడు కూడా నాకు వినిపించలేదు. పెట్టెలో సెల్లుల్లేవు. బిడ్డ ఏడిస్తే బల్బు వెలగదు. అత్త కదలదు, లెక్కపెడుతుంది. ఆమె లెక్క ఈసారి నూరు దాటుతుంది, రెండు నూర్లు దాటుతుంది. సరోజ పెరట్లో తలవంచుకుని పని చేసుకుంటూ ఉంటుంది. పొద్దున్నించే అలా జరిగి ఉండొచ్చు. ఈపాటికి అత్త మూట కట్టుకుని ఉండొచ్చు.

ఇంట్లో ఫోను లేదు. ఇంకో గంటకు గానీ బస్సు లేదు. ఆ బస్సులో కూర్చున్న గంటా నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. ఎన్నెన్ని యంత్రాలో విప్పినవాణ్ణి, మూడు సెల్లులు వెనక్కి వేయడం మరిచిపోయాను. నా వల్ల నా చెల్లెలు బిడ్డకు దూరమవుతుంది. కిటికీలోంచి పత్తి చేలు పోతూనే ఉన్నాయి, ఆదోని కొండలు మాత్రం రావు.

బస్సు దిగి ఇంటికి పరుగెత్తాను. నాగమ్మత్త అరుగు మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది. అంతా అయిపోయిందనుకున్నాను.

ఆమె రెండు చేతులతో నా చేతులు పట్టుకుంది. "నాయనా, నీ పెట్టె నా బిడ్డను బతికిచ్చింది" అంది.

జరిగింది ఆమె చెప్పినట్టే చెబుతాను. రెండు గంటలప్పుడు బిడ్డ నిద్రపోతోంది. అత్త వీధి వైపు గడప దగ్గరే పడుకుని ఉంది, మెలకువగానే. ఉయ్యాల పది అడుగుల దూరం. సరోజ పెరట్లో బియ్యం చెరుగుతోంది. ఉన్నట్టుండి సరోజ చేట విసిరికొట్టి లోపలికి పరుగెత్తుకొచ్చింది. ఎందుకో అత్తకు అర్థం కాలేదు. బిడ్డ ఏడవలేదు. చిన్న చప్పుడు కూడా లేదు.

చీర ఉయ్యాల అంచులు దగ్గరికి రాకుండా ఒక అడ్డకర్ర పెడతారు కదా. అది ఒక పక్కకు జారింది. బిడ్డ బోర్లా తిరిగింది. చీర మెలిపడి మొహానికి చుట్టుకుంది. సరోజ చీర విడదీసి బిడ్డను బయటికి తీసేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి. వీపు మీద రెండు దెబ్బలు వేస్తే అప్పుడు ఊపిరి తీసుకుని ఏడ్చింది.

"నాకు రెండు సెవులు ఉండాయి నాయనా. ఆడ్నే పండుకోనున్యా. నాకు వినపడలే" అంటూ అత్త తల కొట్టుకుంది. "నేను సరోజాను అడిగినా, నీకెట్ల తెలిసెనమ్మీ అని. లైటు ఎలిగె అత్తా అనె. ఇంగ నేను ఏ మొగం పెట్టుకోని బిడ్డను దాని కాడినుంచి తీసేది? బిడ్డ దాందే. దాని కాడ్నే ఉండల్ల."

లోపలికి పోయాను. సరోజ గోడకానుకుని బిడ్డకు పాలిస్తోంది. నన్ను చూసి తల ఊపింది, అంతే. గోడకున్న పెట్టె మూత మూసే ఉంది.

పెరట్లోంచి నిచ్చెన ఎక్కి మిద్దె మీదికి పోయాను. మూడు సెల్లులూ అక్కడే ఉన్నాయి. పొద్దున నేను పెట్టిన వరసలోనే, పిట్టగోడకు ఆనించి. ముట్టుకుంటే వేలు కాలింది. అంతసేపు ఎండలో ఉన్నాయి మరి.

తువ్వాలులో చుట్టుకుని కిందికి తెచ్చాను. అత్త అరుగు మీద పక్కింటివాళ్లకు ఇదంతా చెబుతోంది. పెట్టె మూత తీశాను. సెల్లులు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. వేరే సెల్లులు ఎవరైనా వేసి తీశారేమో అనుకోవడానికి ఇంట్లో ఉన్నది ఒక్క టార్చి. అది రెండు సెల్లులది, వాటిలో ఒకటి ఎప్పుడో కారిపోయి లోపలే అతుక్కుపోయింది. చప్పుడు కాకుండా మూడు సెల్లులూ వేసి మూత పెట్టేశాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్త ఏమనుకుంటుంది? సరోజ అబద్ధమాడిందనుకుంటుంది. లేదా పెట్టె పని చేయదనుకుంటుంది. రెండింటిలో ఏది అనుకున్నా బిడ్డ పెద్దకోడలి దగ్గరికి పోతుంది. కాబట్టి వచ్చినవాళ్లంతా పొగుడుతుంటే తల వంచుకుని నిలబడ్డాను. మర్నాడు అత్త పెట్టెకు పసుపూ కుంకుమా పెట్టింది. ట్రాన్సిస్టర్ల మీద పడకుండా చూసుకోవడమే నా వంతయింది.

వాళ్లు పోయేముందు రెండు రోజులు నేను వీలైనప్పుడల్లా పరీక్ష చేశాను. సెల్లులు తీసేసి చప్పట్లు కొట్టాను, కేకలు పెట్టాను, బిడ్డ నిజంగా ఏడ్చినప్పుడు చూశాను. వెలగలేదు. కెపాసిటర్లో కాస్త కరెంటు నిలిచి ఉంటుందేమో అని లెక్క కట్టాను. నిలిచినా అర నిమిషం నిలుస్తుంది, బల్బును ఒక్కసారి మినుకుమనిపించడానికి కూడా చాలదు. పోనీ సెల్లులు ఉన్నాయనే అనుకుందాం. బిడ్డ ఏడిస్తే కదా వెలిగేది? ఆ రోజు బిడ్డ ఏడవలేదు. గుడ్డ నోటికి అడ్డం పడింది. పది అడుగుల దూరంలో మెలకువగా ఉన్న మనిషికే వినబడలేదు.

మా స్కూల్లో సైన్సు మాస్టారిని, ఎవరి ఇంట్లో జరిగిందో చెప్పకుండా, సెల్లుల్లేని పెట్టె వెలుగుతుందా అని అడిగాను. "మీరూ మొదలుపెట్టారా సార్?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తల్లి మనసుకు తెలిసిపోయిందేమో, పరుగెత్తాక లైటు వెలిగిందని భ్రమపడిందేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చాలా ఏళ్లు ఆ మాట మీదే బతికాను.

సరోజ బిడ్డతో, పెట్టెతో గోనెగండ్లకు పోయింది. నేనే వెళ్లి అక్కడ తీగలు లాగి వచ్చాను. భాగ్య నడిచింది, మాట్లాడింది, బడికి పోయింది. మాట్లాడేటప్పుడు ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు బాగా కదిపి మాట్లాడటం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.

మళ్లీ ఆ సంగతి వచ్చింది ఎనభైల చివర్లో. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు, పాడైపోయిన చిన్న కంప్యూటరు ఒకటి తెచ్చిచ్చాడు. టీవీకి తగిలించుకునే రకం. టేపు రికార్డరులో క్యాసెట్టు పెడితే కీచుమని అరుస్తుంది, ఆ అరుపునే కంప్యూటరు పాఠంలా చదువుకుంటుంది. అప్పటికి నాకు పెళ్లయింది. నా భార్య దాన్ని చూసి, "ఇంకొకటా?" అని మాత్రమే అంది. వేసవి సెలవులకు సరోజ భాగ్యను తీసుకుని వచ్చింది. వారం రోజులు కుస్తీపట్టి దాన్ని బతికించాను. భాగ్య ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని ఇంగ్లీషులో తన పేరు కొట్టింది. టీవీ మీద తన పేరు చూసుకుని గెంతుతూ మా ఆవిడకు చెప్పడానికి వంటింట్లోకి పోయింది.

గదిలో నేనూ సరోజా మిగిలాం. పిల్ల పోయిన వైపే చూస్తూ ఉంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వేళ దాని పెదాలు నల్లబడి ఉన్నాయని అత్త చెప్పింది గుర్తొచ్చింది. ఇక దాచడం నా వల్ల కాలేదు. సరోజ ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పాను. ఆ రోజు పెట్టెలో సెల్లుల్లేవమ్మా, నేను మిద్దె మీద మరిచిపోయి పోయాను, ఇన్నేళ్లూ నీకు చెప్పలేదు, నన్ను క్షమించు అన్నాను.

సరోజ నా పెదాలు చూసింది. ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్సు అన్నా" అంది. "పొద్దున నువ్వు మిద్దె ఎక్కింది సూసినా. దిగినాక పెట్టె తెరవకుండా బస్సుకు పరిగెత్తిందీ సూసినా."

మరి నువ్వే ఎక్కి తెచ్చుకోలేదేం అన్నాను.

"ఎక్కి తెచ్చుకుందామంటే యాటికి ఎక్కుతావని మా అత్త అడుగుతాది. పెట్టెలో ఏమీ లేదని తెలిసిపోతాది. ఉయ్యాల కాడే కూర్చుందామంటే పని సేయవా అంటాది. అందుకే ఆ పొద్దు నిమిషానికోసారి ఏదో ఒక సాకు పెట్టుకోని లోపలికి పోయి సూసొస్తాన్నా. అప్పుడు కూడా సూసొచ్చి కూర్చున్యా. బాగానే నిద్రపోతాండె."

"మరి లైటు?" అన్నాను.

"నేను దాని పక్క సూడనే లేదన్నా. సెల్లుల్లేవని తెల్సు గదా, ఇంగ దాన్ని సూసేదెందుకు? స్తంభానికి ఈపు పెట్టి కూర్చోనున్యా. సేటలో బియ్యం మీద ఎర్రగా పడింది. నా సేతుల మీద, రెండు సేతుల మీదా, కొంగు మీదా. తిరిగి సూస్తే ఎలుగుతా ఉంది."

ఆ బల్బు ఎంతో నాకు తెలుసు. కొత్త సెల్లులతో కూడా, చీకట్లో పెట్టినా, దాని వెలుగు జానెడు దూరం పోదు. పట్టపగలు స్తంభం మీంచి మనిషిని దాటి చేటలోకి పడటమనేది లేదు. ఆ మాట సరోజకు చెప్పబోయి ఆగిపోయాను.

"నాకైనా చెప్పి ఉండొచ్చు కదా" అన్నాను.

అది బల్ల వైపు చూసింది. కంప్యూటరు మూత ఊడదీసి ఉంది. మరలన్నీ ఒక పళ్లెంలో ఉన్నాయి. నవ్వింది.

"నీకు సెప్తే నువ్వు ఇప్పుతావన్నా. ఇప్పితే నీకు ఏమీ కనపడదు. కనపడకపోతే అది ఉత్తదంటావు. బిడ్డ నడిసేదంక నాకు అది కావాల్సి ఉండె."

అది చెప్పింది నిజం. అప్పుడు నాకు చెప్పి ఉంటే ఆ పెట్టెను ముక్కముక్కలు చేసి, ఇందులో ఏమీ లేదు సరోజా, నువ్వు భ్రమపడ్డావు అని నిరూపించి ఉండేవాణ్ణి. అది మళ్లీ గోనెగండ్లలో బిడ్డ గొంతు మీద వేలు పెట్టుకుని రాత్రులు కూర్చునేది.

ఎవరు వెలిగించారనుకుంటున్నావు అని అడిగాను. నేనే, అలాంటి ప్రశ్న అడిగాను. అమ్మ పేరు చెబుతుందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెబితే బాగుండునని కూడా అనుకున్నాను.

సరోజ పళ్లెంలోని మరలను వేలితో ఒక పక్కకు జరిపింది.

"ఎవురో నాకేం తెల్సు అన్నా" అంది. "పిలిస్తే నాకు వినపడదని తెల్సినోళ్లు."

వంటింట్లోంచి భాగ్య వచ్చి, అమ్మ ఎదురుగా నిలబడి, ఇంకోసారి పేరు కొట్టనా అని అడిగింది. సరోజ కొట్టమంది. ఆ రోజు ఆ పెట్టె ఎలా వెలిగిందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఆ పిల్ల మాత్రం బల్ల ముందు కూర్చుని, నాలుక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ మళ్లీ మొదటినుంచి తన పేరు కొట్టుకుంది.